తవుడుకి ధరొచ్చాక పంది ఏం తినాలి?

"తక్కువ ఖర్చుతో పందుల పెంపకం" అని వెతికి చూడండి, బోలెడు వీడియోలొస్తాయి. హోటల్ వేస్ట్ పెట్టండి, కూరగాయల మార్కెట్ చెత్త పెట్టండి, అజొల్లా పెంచండి, లక్షలు సంపాదించండి అని. వాటిల్లో ఉద్యోగం మానేసి ఫారం పెట్టిన మన సాఫ్ట్‌వేర్ సోదరులు కూడా కనిపిస్తారు. చూస్తుంటే ఇదేదో మొన్నీమధ్య ఎవరో కనిపెట్టిన ఐడియాలా ఉంటుంది. మా పిఠాపురం వైపు పందులు మేపేవాళ్ళకి ఈ మాట చెబితే నవ్వుతారు. ఎందుకంటే వాళ్ళ తాతల కాలం నుంచీ ఇంకో రకం మేత వాళ్ళకి తెలీదు. అది వాళ్ళకి "ప్రత్యామ్నాయ మేత" కాదు, ఉన్న మేతే అది.

మరి అంత అనుభవం ఉన్నవాళ్ళు ఎందుకు బాగుపడలేదు? ఈ ప్రశ్న పట్టుకుని చదువుకుంటూ పోతే నాకు అర్థమైంది ఇది. చవక మేత కథలో మాంసకృత్తులెన్ని, పిండిపదార్థాలెన్ని అన్నది చిన్న సంగతి. ఆ మిగులు ఎవరిది అన్నదే అసలు సంగతి.

మన భాషలో చెప్పాలంటే జావాలో గార్బేజ్ కలెక్టర్ ఉంది కదా, నడుస్తున్న ప్రోగ్రాం నుంచి ఏ రిఫరెన్సూ చేరుకోలేని ఆబ్జెక్టుని మాత్రమే అది తీసుకోగలదు. ప్రోగ్రాం నుంచి మామూలు రిఫరెన్స్ ఒక్కటి చేరుతున్నా ముట్టుకోలేదు. పంది కూడా అంతే. ఎవరికీ అక్కర్లేనిది తిని బతికింది. ఆ అక్కర్లేని వస్తువు మీదకి ఎవరిదో ఒకరి రిఫరెన్స్ వచ్చినప్పుడల్లా పందికీ, దాన్ని మేపేవాడికీ కూడు పోయింది. గోదావరి జిల్లాల్లో ఇది ఒకసారి కాదు, నాలుగైదు సార్లు జరిగింది.

ముందు ఒక చిన్న ముచ్చట. రెండో పులకేశి పిష్టపుర దుర్గాన్ని పట్టుకున్నాడని 634 నాటి ఐహొళె శాసనంలో ఉంది. ఆ పిష్టపురమే మన పిఠాపురం. చాళుక్యుల లాంఛనం వరాహం. పక్కనే సామర్లకోటలో భీమేశ్వరాలయం కట్టించిన చాళుక్య భీముడిదీ అదే వంశం, అదే ముద్ర. బంగారు నాణేనికి వరహా అన్న పేరొచ్చింది ఆ పంది బొమ్మ నుంచే. ఇప్పటికీ మా వైపు వరహాలు, వరహాలబాబు అన్న పేర్లు వినిపిస్తాయి. పంది బొమ్మ ఖజానాలోకి వెళ్ళింది, పంది మాత్రం పెంటదిబ్బ దగ్గరే ఉండిపోయింది.

సరే, అసలు విషయానికొద్దాం. ఆ పెంటదిబ్బ దగ్గర ఏం తినేది?

మన ఊరపంది నల్లగా, పొడుగు మూతితో ఉంటుంది. ఏడాది మేపినా నలభై, యాభై కిలోలు దాటడం కష్టం. కానీ దానికి కొని పెట్టాల్సింది దాదాపు ఏమీ ఉండదు. చెరువు గట్టున తుంగగడ్డలు, వానపాములు, కోత అయిపోయిన చేలో రాలిన గింజలు, సంతలో పారేసిన కుళ్ళు కూరలు, పెళ్ళిళ్ళలో ఎత్తి పారేసిన విస్తరాకులు. ఇళ్ళల్లో గంజి, బియ్యం కడుగు, తొక్కలు మాత్రం పందిదాకా వచ్చేవి కావు. అవి గేదె కుడితి గోలెంలోకి పోయేవి. అంటే ఎంగిలిలో కూడా వరసలున్నాయి. మొదటి మిగులు గేదెకి, ఆ తర్వాత కుక్కకి, కోడికి, ఇక ఎవరూ ముట్టనిది పందికి.

మర్యాద కోసం అందరూ దాటేసే సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. మరుగుదొడ్లు లేని రోజుల్లో పంది మేతలో పెద్ద భాగం మనిషి మలమే. దాన్ని చూపించే మనం పందినీ, పందుల వాళ్ళనీ అసహ్యించుకున్నాం. బద్దెపురుగు కథ కూడా ఇక్కడిదే. సరిగ్గా ఉడకని పంది మాంసం తింటే మనిషి కడుపులో బద్దెపురుగు పెరుగుతుంది. కానీ మెదడులో తిత్తులు కట్టి మూర్ఛలు తెప్పించేది ఆ పురుగు గుడ్లు. అవి వచ్చేది మనిషి మలం నుంచి, సరిగ్గా కడగని కూరగాయల మీదుగా. అందుకే జన్మలో పంది మాంసం ముట్టనివాళ్ళకీ ఆ జబ్బొస్తుంది. తప్పు దొడ్డి లేని ఊరిది, పేరు మాత్రం పందిది.

కోస్తాలో పందుల పెంపకం ఎక్కువగా ఎరుకల వాళ్ళ చేతుల్లో ఉంది. కానీ ఒకప్పుడు వాళ్ళ బతుకు పందుల మీదే లేదు. తీరంలో ఉప్పు కొని గాడిదల మీద, ఎద్దుల మీద లోపలి ఊళ్ళకి తీసుకెళ్ళి, ధాన్యానికి మార్చుకుని వచ్చేవాళ్ళు. ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల, దబ్బ ఎరుకల అని శాఖల పేర్లే వాళ్ళ వ్యాపారాలు చెబుతాయి. వెదురుబుట్టలు, ఈతబరికెల గంపలు, సోది చెప్పడం. వీటన్నిటి పక్కన పందులు. ఊరూరా తిరిగే మనిషికి ఊరూరా మిగులు దొరికేది.

తర్వాత ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది. రోడ్లు, రైళ్ళు వచ్చాయి. 1893లో బెజవాడ, విశాఖ వైపు తూర్పు తీరం రైలు నడిచింది. 1900లో రాజమండ్రి దగ్గర గోదావరి మీద హేవ్‌లాక్ వంతెన పూర్తయింది. బస్తా ఉప్పు రైల్లో వెళ్తుంటే గాడిద మీద ఉప్పు ఎవడు కొంటాడు? అడవి చట్టాలొచ్చి వెదురుకీ అడ్డం పడ్డాయి. మీనా రాధాకృష్ణ అనే చరిత్రకారిణి 2001లో వచ్చిన "డిసానర్డ్ బై హిస్టరీ" పుస్తకంలో ఈ వరసంతా విడమర్చి చూపించారు. వ్యాపారం పోగొట్టిన ప్రభుత్వమే, వ్యాపారం లేకుండా తిరుగుతున్నారు కాబట్టి వీళ్ళు దొంగలు అని తేల్చింది. 1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాజధానికి వచ్చింది. బాపట్ల దగ్గర స్టువార్టుపురం, ఇంకా సీతానగరం, కప్పరాళ్ళతిప్ప లాంటి సెటిల్మెంట్లు ఆ చట్టం నీడలో పుట్టినవే.

పోలీసు స్టేషన్‌లో హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే పర్మిషన్ కావాలి. ఇప్పుడు మేత వైపు నుంచి ఆలోచించండి. తిరిగి మేసే పందిని తిరగడానికి వీల్లేని మనిషి ఎలా మేపుతాడు? ఉన్న ఊళ్ళోనే, ఉన్న పెంటదిబ్బ మీదే మేపాలి. ఊరికి అసహ్యం అక్కడ పెరిగింది. చట్టం మద్రాసు రాష్ట్రంలో 1947లోనూ, దేశమంతటా 1952లోనూ రద్దయింది. అలవాటైన చూపు అంత తొందరగా రద్దవుతుందా?

స్వతంత్రం వచ్చాక ప్రభుత్వం పందుల మీద నిజంగానే దృష్టి పెట్టింది. రెండో, మూడో పంచవర్ష ప్రణాళికల కాలంలో అలీగఢ్, హరిణ్‌ఘాటా, బోరివిలి లాంటి చోట్ల పందుల ఉత్పత్తి కేంద్రాలు, బేకన్ ఫ్యాక్టరీలు పెట్టారు. మన రాష్ట్రానికి వచ్చింది కృష్ణా జిల్లా గన్నవరంలో. అక్కడ లార్జ్ వైట్ యార్క్‌షైర్ అనే తెల్ల పందుల్ని పెంచి పంచాలని ప్లాను. మనవాళ్ళు సీమపంది అనేది దాన్నే. 1970ల మొదట్లో ఐసీఏఆర్ అఖిల భారత స్థాయిలో పందుల పరిశోధన మొదలుపెట్టింది. అందులో తిరుపతి కేంద్రం కూడా పనిచేసింది.

సీమపంది ఎనిమిది పది నెలల్లో ఎనభై కిలోలు తూగుతుంది. కానీ దాని మేత లిస్టు చూడండి. మొక్కజొన్న, వేరుశనగ చెక్క, గోధుమ పొట్టు, చేపల పొడి, ఖనిజ లవణాలు. అంతా కొనాల్సిందే. పందుల పెంపకంలో ఖర్చంతా కలిపితే వందలో అరవై ఐదు, డెబ్భై రూపాయలు మేతకే పోతాయి. ఊరపంది ఎదగదు కానీ ఊరికే మేస్తుంది, సీమపంది ఎదుగుతుంది కానీ కొని పెట్టాలి. లోన్ ఇచ్చి సీమపందిని చేతిలో పెడితే, రోజూ కొనే మేత ఎక్కణ్ణుంచి వస్తుంది? హార్డ్‌వేర్ ఫ్రీగా ఇచ్చి లైసెన్స్ ఫీజు నెలనెలా కట్టమన్నట్టు ఉంది స్కీము.

అప్పటికి ఒక దారి మాత్రం తెరిచే ఉండేది. అది తవుడు. మా డెల్టా కథంతా వరి కథే కదా. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేశాక గోదావరి డెల్టా వరి సముద్రం అయింది. పిఠాపురం వైపు ఏలేరు నీళ్ళు, పిఠాపురం బ్రాంచి కెనాలు. వంద కిలోల ధాన్యం ఆడిస్తే సుమారు ఇరవై కిలోల ఊక, ఏడెనిమిది కిలోల తవుడు వస్తాయి, మిగతాది బియ్యం, నూకలు. రోకళ్ళతో దంచిన రోజుల్లో చాలాచోట్ల దంపుడు కూలి కింద నూకలూ చిట్టూ ఇచ్చేవాళ్ళు. హల్లర్ మిల్లులొచ్చాక తవుడు, ఊక కలిసిపోయి వచ్చేవి. ఆ కల్తీ తవుడు పెద్దగా ఎవరికీ అక్కర్లేదు, కాబట్టి చవక. షెల్లర్ మిల్లులొచ్చాక శుభ్రమైన తవుడు విడిగా రావడం మొదలైంది.

తవుడులో పదిహేను నుంచి ఇరవై శాతం నూనె ఉంటుంది. దాంతో పాటే ఆ నూనెని విరగ్గొట్టే ఎంజైము కూడా ఉంటుంది. బియ్యం పాలిష్ పట్టగానే అది పని మొదలుపెడుతుంది, కొద్ది రోజుల్లోనే తవుడు ముక్క వాసనొచ్చి చేదెక్కిపోతుంది. అంటే మిల్లు వాడు తవుడుని దాచుకోలేడు, వెంటనే వదిలించుకోవాలి. చుట్టుపక్కల గేదెల వాళ్ళకీ పందుల వాళ్ళకీ అది చవగ్గా దొరకడానికి కారణం ఇదే. పందికి మేతలో మూడో వంతు వరకూ తవుడు పెట్టొచ్చు, అంతకు మించితే కొవ్వు మెత్తబడుతుందని పశువుల డాక్టర్లు చెబుతారు.

తర్వాత సాల్వెంట్ ఫ్యాక్టరీలొచ్చాయి. తవుడుని హెక్సేన్‌తో కడిగి నూనె తీసేస్తారు. నూనె వంటకీ సబ్బులకీ పోతుంది. మిగిలిన పొడి తవుడుకి ఒక గొప్ప గుణం ఉంది: నెలల తరబడి నిలవ ఉంటుంది. నిలవ ఉండేదాన్ని బస్తాల్లో పోసి లారీ ఎక్కించొచ్చు, ధర కోసం ఆగొచ్చు. ఒకపక్క అనపర్తి చుట్టూ కోళ్ళ ఫారాలు, ఇంకోపక్క 1980ల నుంచి కొల్లేరు చుట్టూ చేపల చెరువులు. చెరువుల్లో గెడలు పాతి, చిల్లులు పెట్టిన బస్తాల్లో తవుడు, చెక్క నింపి వేలాడదీస్తారు, చేపలొచ్చి ఆ చిల్లుల్లోంచి లాక్కుని తింటాయి. మన ఆంధ్ర రైతులు సొంతంగా కనిపెట్టిన పద్ధతి అది. తెలివికి మెచ్చుకోవాల్సిందే. కానీ ప్రతి బస్తా ఏదో ఒక గేదె ముందు నుంచో, పంది ముందు నుంచో వెళ్ళిందే. మిల్లు పక్కనే ఉన్న పందుల వాడు ఇప్పుడు ఆ తవుడు కోసం భీమవరం చేపల ఆసామితో పోటీ పడాలి. ఎవరు గెలుస్తారో చెప్పక్కర్లేదు.

ఇంకేం మిగులున్నాయి మా చుట్టుపక్కల? సామర్లకోట, పెద్దాపురం వైపు సగ్గుబియ్యం మిల్లులున్నాయి. మెట్ట భూముల్లో కర్రపెండలం వేస్తారు. పిండి తీసేశాక తొక్క, పిప్పి మిగులుతాయి. పిప్పిలో పిండిపదార్థం ఇంకా చాలా ఉంటుంది, మాంసకృత్తులు మాత్రం బాగా తక్కువ. తొక్కలో సైనైడ్ పుట్టించే పదార్థం ఉంటుంది కాబట్టి పచ్చిగా పెట్టకూడదు, ఎండబెట్టో ఉడకబెట్టో పెట్టాలి. ఇటు ఉప్పాడ, కాకినాడ తీరంలో చేపల తలకాయలు, రొయ్యల తలలు. వీటిల్లో మాంసకృత్తులు పుష్కలం. పిప్పికి లేనిది ఇందులో ఉంది. కాకపోతే కోతకి ముందు కొన్ని వారాలు ఆపకపోతే మాంసం నీచు వాసనొస్తుంది. కాగితం మీద చూస్తే పిఠాపురం నడిమధ్యలో ఉంది, రెండూ ఇరవై ముప్పై కిలోమీటర్ల లోపే. ఇంతకన్నా మంచి చోటు ఉంటుందా అనిపిస్తుంది. కానీ పిప్పికి పశువుల దాణా కోసం కొనేవాళ్ళున్నారు, రొయ్య తలలకి కూడా దాణా కోసమూ, కైటిన్ కోసమూ కొనేవాళ్ళున్నారు. మళ్ళీ అదే కథ. రిఫరెన్స్ వచ్చేసింది.

ఇది ధర వల్ల పోయిన మేత. భయం వల్ల పోయిన మేత ఇంకోటి ఉంది.

1999 అక్టోబర్, నవంబర్ నెలల్లో రాష్ట్రంలో మెదడువాపు వ్యాధి వచ్చి పిల్లలు చనిపోయారు. ఆ వైరస్ వరిచేలలో పెరిగే క్యూలెక్స్ దోమ ద్వారా వస్తుంది. సహజంగా కొంగల్లాంటి నీటి పక్షుల్లో ఉంటుంది. పంది ఒంట్లోకి వెళ్తే బాగా పెరిగి, కుట్టిన దోమలకి తిరిగి అంటుకుంటుంది. అందుకే పందిని ఆంప్లిఫయర్ అంటారు. పిల్లల ప్రాణాల ముందు పందుల లెక్క ఎవరికీ గుర్తు రాదు, రానక్కర్లేదు కూడా. పందుల్ని ఊళ్ళ నుంచి తరిమేయాలన్న డ్రైవులు ఊపందుకున్నాయి. పందిని దూరం పెట్టమనడంలో శాస్త్రం ఉంది. కానీ ఈ వ్యాధికి అసలు మందు టీకా. 2006 నుంచి దేశంలో పిల్లలకి పెద్ద ఎత్తున వేయడం మొదలైంది. చేలోని నీటినీ, కొంగనీ మనం తరిమెయ్యలేం కదా.

నా గొడవల్లా ఊరి బయటకి తోలేశాక ఏమైందన్నది. మేత అంతా ఊళ్ళో ఉంది, పంది ఊరి బయట ఉంది. అంటే రోజూ డ్రమ్ములతో మోసుకెళ్ళాలి. ఆటో కావాలి, డీజిలు కావాలి. ఊరికే మేసే పంది ఆ రోజుతో కొని మేపే పంది అయింది. కొట్టం కట్టుకోడానికి చోటు, నీళ్ళు, మేత తెచ్చుకునే హక్కు, వీటిల్లో ఒక్కటైనా చేతిలో పెట్టకుండా ఊరు దాటించడాన్ని పునరావాసం అనలేం.

ఇక మిగిలింది హోటల్ వేస్ట్. పాదగయ, పురుహూతిక, శ్రీపాద వల్లభుల దర్శనాలకి మహారాష్ట్ర, కర్ణాటకల నుంచి కూడా యాత్రికులొచ్చే ఊరు పిఠాపురం. హోటళ్ళు, ఫంక్షన్ హాళ్ళు పెరిగాయి. ఇళ్ళల్లో గేదెలు తగ్గి కుడితి గోలేలు పోయాయి. కాబట్టి ఒకప్పుడు గేదెకి పోయిన మొదటి మిగులు కూడా ఇప్పుడు పారేస్తున్నారు. ఒక చిన్న లెక్క వేద్దాం. హోటల్ ఎంగిలిలో సుమారు డెబ్భై ఐదు శాతం నీళ్ళే. పెరిగే పందికి రోజుకి రెండు, రెండున్నర కిలోల పొడి మేత కావాలి. అంటే ఒక్కో పందికి ఎనిమిది నుంచి పది కిలోల ఎంగిలి. ఇరవై పందులుంటే రోజుకి నూట అరవై నుంచి రెండు వందల కిలోలు. చేతికి తేలిగ్గా దొరికేది కాదు, కానీ దొరకనిదీ కాదు.

ఇక్కడ ప్రమాదం కూడా నిజమైనదే, దాచకూడదు. బ్రిటన్‌లో 2001లో వచ్చిన గాలికుంటు వ్యాధి ఉడకబెట్టని ఎంగిలి పెట్టిన ఒక పందుల ఫారం నుంచి మొదలైందని తేలింది. అరవై లక్షల పైగా పశువుల్ని చంపేశారు. ఎంగిలి మేతని అక్కడ అదే ఏడాది నిషేధించారు, తర్వాత యూరప్ అంతా నిషేధించింది. 2018లో చైనాకి ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ వచ్చినప్పుడు వాళ్ళూ వంటింటి ఎంగిలి మీద నిషేధం పెట్టారు. మన దేశంలో ఆ జబ్బు 2020లో అస్సాం, అరుణాచల్‌లో బయటపడి తర్వాత వేరే రాష్ట్రాలకీ పాకింది. మనుషులకి సోకదు కానీ పందుల్ని మందలకి మందలే తుడిచిపెట్టేస్తుంది. సరిగ్గా ఉడకని పంది మాంసం ముక్క ఎంగిలిలో కలిసొస్తే చాలు.

అయితే నిషేధం ఒక్కటే దారి కాదు. అమెరికాలో 1950ల్లో ఇలాంటి జబ్బే ఎంగిలి ద్వారా పాకితే, ఉడకబెట్టి పెట్టాలని చట్టాలు చేశారు. మరిగే వేడిలో అరగంట ఉడికించాలన్నది అక్కడి లెక్క. జపాన్‌లో 2001లో అమల్లోకొచ్చిన ఫుడ్ రీసైక్లింగ్ చట్టం కింద ఎంగిలిని సేకరించి, వేడి చేసి, "ఎకోఫీడ్" పేరుతో మేతగా అమ్మే ఏర్పాటుంది. యూరప్ కూడా అలా చేస్తే పద్దెనిమిది లక్షల హెక్టార్ల భూమి మిగులుతుందని 2016లో కేంబ్రిడ్జి పరిశోధకులు లెక్క కట్టారు. వైరస్‌కి మందు ఒక బాయిలరు, ఒక థర్మామీటరు, ఒక గడియారం. రాకెట్ సైన్స్ కాదు.

మరి మన దగ్గర? 2016 ఘనవ్యర్థాల నిబంధనలు పెద్ద మొత్తంలో చెత్త పుట్టించే హోటళ్ళు, ఆఫీసులు తడి చెత్తని వేరు చేయాలన్నాయి. తడి చెత్త అంటే అందరి నోటా కంపోస్టు, బయోగ్యాస్ మాటలే. రెండూ మంచివే. కానీ వాటికి కాంట్రాక్టులుంటాయి, టెండర్లుంటాయి. తరాల తరబడి ఈ పని చేసినవాళ్ళు ఆ టెండరు ఫారం దరిదాపుల్లోకి రాలేరు. ఎంగిలికి "వనరు" అన్న గౌరవం వచ్చేనాటికి వాళ్ళని గేటు బయట నిలబెట్టేశాం. ఉప్పు, వెదురు, తవుడు, ఇప్పుడు ఎంగిలి. దేశంలో పందులు 2012లో కోటీ మూడు లక్షలుంటే 2019 పశుగణనకి తొంభై లక్షల చిల్లరకి తగ్గాయి. దీనికి కారణాలు చాలా ఉన్నాయి. మేత చేజారడం వాటిల్లో ఒకటని నా అభిప్రాయం.

పందుల స్కీములు రాసేవాళ్ళు సీమపంది పిల్లల లెక్క కంటే ముందు మేత లెక్క రాయాలి. ఊరికి దూరంగా స్థలం, నీళ్ళు, కలిసి వాడుకునే ఒక బాయిలరు, మునిసిపాలిటీతో ఎంగిలి సేకరణ ఒప్పందం. ఈ నాలుగూ పందులు మేపేవాళ్ళ సంఘాల పేరునే ఉండాలి. పందికి మాంసం ముక్కలు ఉడకకుండా పోకూడదన్న నియమం పెట్టండి, తనిఖీ చేయండి, తప్పు చేస్తే జరిమానా వేయండి. అంతేగానీ జబ్బు పేరు చెప్పి తరిమి, తర్వాత అదే ఎంగిలిని వేరే వాళ్ళకి రాసిచ్చేయడం ఆరోగ్యశాస్త్రం అనిపించుకోదు.

చివరగా మన సంగతి. మూడు వేల మంది భోంచేసే ఆఫీసు కెఫెటేరియాలో తలా యాభై గ్రాములు పారేస్తున్నారనుకుందాం. రోజుకి నూట యాభై కిలోలు. పైన వేసిన లెక్క ప్రకారం పదిహేను, పదహారు పందుల మేత, అంటే ఒక కుటుంబం నిలదొక్కుకునే మంద. ప్లేటు పెట్టే చోట "ఈరోజు వృథా ఇన్ని కిలోలు" అని బోర్డు పెడతారు కదా, చాలామంది చూసే ఉంటారు. ఆ కిలోలు గేటు దాటాక ఎక్కడికెళ్తున్నాయో, ఎవరి పేరున వెళ్తున్నాయో మీ ఫెసిలిటీస్ వాళ్ళని ఒకసారి అడగండి. జవాబొస్తే నాకూ చెప్పండి.